పొలమారిన రోజులు

మా బీరువా కింది అరలో నలభై మూడు డైరీలు ఉన్నాయి. ఎక్కువ భాగం విత్తనాల కంపెనీల వాళ్ళు, పురుగుమందుల దుకాణాల వాళ్ళు జనవరిలో ఇచ్చినవి. రోజుకు నాలుగు వరుసలు రాస్తాను. మొదటిది వానా ఎండా. రెండోది ఇంటికి ఎవరు వచ్చారు, మేము ఎవరింటికి వెళ్ళాం. మూడోది వంట. నాలుగోది ఒంట్లో ఎలా ఉంది. అయిదో వరుస ఎప్పుడూ లేదు. ముప్పై నాలుగేళ్ళు గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేశాను. కాటా మీద ఎంత తూగితే అంత రాయాలి, దాని గురించి మనం ఏమనుకుంటున్నామో రాయకూడదు. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది.

రిటైరయ్యాక చిలకలూరిపేటలో, నా భార్యకు ఆమె తండ్రి ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. ఉంటున్నాం అని రాశాను. ఉంటున్నాను. రాసింది కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి రెండూ ఉంచుతున్నాను. మాకు పిల్లలు లేరు.

అన్నం తింటూండగా మెతుకో నీళ్ళో అడ్డం పడి ఉక్కిరిబిక్కిరి అయితే పక్కనున్నవాళ్ళు నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో అది అక్కడితో ఆగేది కాదు. తలుచుకున్నది ఎవరో తేలాలి. పొలమారడం తగ్గాక నా భార్య కళ్ళు తుడుచుకుంటూ ఒక మనిషిని చెప్పేది. ఎక్కువసార్లు వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళే తన చెల్లెలు. ఒక్కోసారి యార్డులో నాతో పనిచేసిన వాళ్ళ భార్యలు. ఒక్కోసారి, "మీ అమ్మగారే. పైనుంచి తిట్టుకుంటున్నారు, కూరలో ఉప్పు ఎక్కువైందని" అనేది. నేను నాలుగో వరుసలో రాసేవాణ్ణి: "ఆమెకు పొలమారింది. చెల్లెలు." మర్నాడో మూడో నాడో చెల్లెలు ఫోను చేస్తే, "చూశారా, నేను చెప్పలా" అనేది.

మూడున్నరేళ్ళ కిందట, వేసవిలో ఆవిడకు ఇడ్లీ కూడా దిగకుండా పోయింది. పేటలో చూసిన డాక్టరు గుంటూరు పొమ్మన్నాడు. అక్కడ నోట్లోంచి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అన్నవాహికలో క్యాన్సరు అని తేలింది. మమ్మల్ని చూసిన సర్జను నలభై ఏళ్ళు నిండని మనిషి, ఒంగోలు వైపు ఆవిడ. సూటిగా మాట్లాడుతుంది.

"ఎప్పట్నుంచమ్మా మింగుడు పడట్లేదు?"

నా భార్య నావైపు చూపించింది. "ఆయన్నడగండి. మా ఇంట్లో లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి."

"ఉగాది వెళ్ళాక మొదలైందండీ. రెండు నెలలు" అన్నాను నేను. అలాగే అనుకున్నాను కూడా. డాక్టరమ్మ కాగితం మీద రెండు నెలలని రాసుకుంది.

బయట వరండాలో నర్సు నాలుగు పేజీల ఫారం ఇచ్చి నింపమంది. వైద్యం మొదలుపెట్టేముందు ఒకసారి, తరవాత వచ్చినప్పుడల్లా ఒకసారి నింపాలట. మనిషి బతికి ఉంటే సరిపోదు, ఎలా బతుకుతున్నాడో కూడా తెలియాలి కదండీ అంది ఆ అమ్మాయి. పోయిన వారంలో గట్టి పదార్థాలు మింగడం కష్టమైందా, నలుగురిలో కూర్చుని తినడానికి ఇబ్బంది పడ్డారా, ఇలా ప్రశ్నలు. ప్రతిదానికీ నాలుగు గళ్ళు: అసలు లేదు, కొంచెం, బాగా, చాలా ఎక్కువ. నేను చదువుతున్నాను, ఆవిడ చెబుతోంది, నేను టిక్కు పెడుతున్నాను.

"నలుగురిలో కూర్చుని తినడానికి?"

"నలుగురూ ఎక్కడున్నారు మనింట్లో? ఉన్నది మీరొక్కరే. మీ ముందు తినడానికి పెళ్ళైన ఏడాది సిగ్గుపడ్డాను. అది రాయండి."

"నవ్వులాట కాదే. ఏదో ఒకటి చెప్పు."

"అసలు లేదు."

పేజీ తిప్పాను. వాంతులు అన్న ప్రశ్నకూ నోరు ఎండిపోవడం అన్న ప్రశ్నకూ మధ్య, అచ్చులో, ఆ మాట ఉంది. మింగేటప్పుడు పొలమారుతోందా?

నలభై ఏళ్ళుగా రాస్తున్న మాట. దాన్ని రోగ లక్షణాల వరసలో చూడటం అదే మొదలు. నేను చదవడం ఆపేశాను. "ఏవిటి, కళ్ళజోడు మరకా?" అని ఆవిడ చీర చెంగు అందించింది. కళ్ళజోడు తుడుచుకుని ఆ ప్రశ్న చదివాను. "కొంచెం" అంది. టిక్కు పెట్టాను.

ఇంటికి వచ్చాక ఆవిడ పడుకుంది. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే వసారాలో కూర్చుని ఆ ఏటి డైరీ, అంతకు ముందరి ఏటి డైరీ తీశాను. వెనక్కి వెళుతూ నాలుగో వరుస మాత్రం చదివాను. ఉగాదికి ముందు ఉంది. శివరాత్రికి ఉంది. పొలాల్లో కల్లాలనిండా మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఒక వారంలో మూడుసార్లు ఉంది. అప్పుడు "ఘాటుకు" అని కూడా రాశాను, ఎందుకంటే ఆ రోజుల్లో ఊరంతా దగ్గుతుంది. దీపావళికి ఉంది. మొదటిది అంతకు ముందు ఏడు శ్రావణమాసంలో. మొత్తం ముప్పై ఒక్కసార్లు. పదకొండు నెలలు. చెల్లెలు పందొమ్మిదిసార్లు తలుచుకుంది. మా అమ్మ నాలుగుసార్లు.

తరవాత మూడో వరుస చదివాను. అది చదవకుండా ఉండాల్సింది అనిపించింది. శ్రావణంలో గోంగూర పచ్చడి, వేపుళ్ళు, చపాతీలు ఉన్నాయి. కార్తీకానికి వేపుళ్ళు పోయి పప్పు వచ్చింది. సంక్రాంతి దాటాక రోటి పచ్చడి అన్న మాట ఒక్కసారి కూడా లేదు. మాఘంలో మజ్జిగ పులుసు, మెత్తటి పొంగలి, మళ్ళీ మజ్జిగ పులుసు. అవన్నీ నేనూ తిన్నాను. ఒకరోజు "పళ్ళు కదులుతున్నాయా ఏంటి, అన్నీ మెత్తగా వండుతున్నావు" అని అడిగినట్టు గుర్తు. "ముసలాళ్ళమయ్యాం, మీకు తెలీట్లేదు" అంది. అంతే.

యార్డులో ఒకే రైతు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వరసగా అరకేజీ తక్కువ తూగుతూ వస్తే నాలుగో టిక్కీకి కాటా ఆపించేవాణ్ణి. ఆ సంగతి అందరూ చెప్పుకునేవారు. ఇక్కడ ముప్పై ఒక్కటి నా చేత్తో రాశాను. ఒక్కసారి వెనక్కి తిప్పి చూడలేదు.

డైరీలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అంతకు ముందు ఆ బీరువాకు తాళం వేసే అలవాటు లేదు. ఆవిడకు చెప్పలేదు. చెప్పాలి అని ప్రతిరోజూ అనుకుంటూనే, చెప్పలేదు.

అయిదు వారాలు కరెంటు, అదే రేడియేషను, పెట్టారు. మధ్యలో వారానికోసారి సెలైన్లో మందు. ఆదివారాలు తప్ప రోజూ పేటనుంచి గుంటూరుకు బస్సు. హైవే పక్క తుమ్మ చెట్లకు పత్తి లారీలనుంచి ఎగిరిపడ్డ పింజెలు వేలాడుతుండేవి. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని తువ్వాలు మెడకు చుట్టుకునేది. బస్సులో పక్క సీటు ఆడవాళ్ళు టిఫిను డబ్బా తెరిచి, "రాండమ్మా, కాస్త తినండి" అనేవారు. ఆవిడ, "ఇప్పుడే తిన్నానమ్మా" అనేది. ఏ రోజూ తినలేదు.

ఇంట్లో బాత్‌రూం పక్కన చిన్న తూకం మిషను పెట్టాను. సోమవారం సోమవారం ఎక్కించి బరువు రాసేవాణ్ణి. "నన్నూ టిక్కీ చేశారు" అనేది ఎక్కుతూ. "తేమ ఎంతుందో కూడా చూస్తారా? తొడిమలు తీశాకా, తియ్యకముందా?"

"కదలకు. ముల్లు నిలవట్లేదు."

"ముల్లు కాదండీ, నేను నిలవట్లేదు."

ఆపరేషను భాద్రపదంలో జరిగింది. పొద్దున్నే తీసుకెళ్ళి దీపాలు పెట్టే వేళకు బయటికి తెచ్చారు. అన్నవాహిక చాలాభాగం తీసేసి, పొట్టను పైకి లాగి మెడ దగ్గర కలిపారు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఆవిడ తేరుకుని మాట్లాడగలిగాక ఆ బొమ్మ చూసి, "అయితే ఇకనుంచి నాకు ఆకలేస్తే గుండెల్లో వేస్తుందన్నమాట" అంది. డాక్టరమ్మ పక్కకు తిరిగి నవ్వింది.

ఇంటికి వచ్చేటప్పటికి ఆవిడ కడుపు పక్కన సన్నటి గొట్టం ఉంది. పైన అతుకు మానేదాకా ఆహారం దాంట్లోంచే. రాగిజావ, పప్పుకట్టు, డబ్బా పొడి కలిపిన పాలు, అన్నీ పలచగా చేసి రెండుసార్లు వడకట్టి, సీసాలో పోసి, చుక్కలు చుక్కలుగా వదలాలి. త్వరగా వదిలితే కడుపులో మెలిపెడుతుంది. రోజుకు అయిదుసార్లు, ఒక్కోసారి గంట పైన. ఇంకో సంగతి, ఇక జీవితంలో వెల్లకిలా పడుకోకూడదు. పొట్టలోది గొంతులోకి వచ్చేస్తుంది. నడుం నుంచి పైభాగం ఎత్తుగా ఉండాలి.

మా పక్కింటివాళ్ళు దూదేకులవాళ్ళు. ఆయన పరుపులు కుడతాడు. అతని భార్య మమ్మల్ని పిన్నిగారూ, బాబాయిగారూ అంటుంది. సంగతి విని ఆయన వచ్చి, చేతి జానలతో నా భార్య నడుం నుంచి మెడదాకా గాలిలోనే కొలుచుకుని వెళ్ళాడు. మూడోనాడు ఏటవాలు పరుపు ఒకటి మోసుకొచ్చాడు. తలవైపు మూరెడు ఎత్తు, నడుం దగ్గర జానెడు, కాళ్ళవైపు మామూలు.

"ఇట్టాంటిది ఎప్పుడూ కుట్టలా బాబాయిగారూ. కొత్త పత్తి. పడుకుంటే జారకుండా మధ్యలో కుట్లు దగ్గరగా వేశా. అణిగితే చెప్పండి, మళ్ళీ ఏకి నింపుతా."

"మా అల్లుడికి కూడా ఇంత పరుపు పెట్టేవాణ్ణి కాదేమోనయ్యా" అన్నాను, ఏం అనాలో తెలియక.

"ఎక్కడున్నాడు మనకి అల్లుడు" అంది ఆవిడ, పరుపు తడుముతూ.

ఆ పరుపు మీద ఒరిగి, గొట్టంలో చుక్కలు పడుతూ ఉంటే, ఆవిడకు పొద్దు గడిచేది కాదు. టీవీలో ఎవరో ఒకరు వంట చేస్తూనో తింటూనో ఉంటారని కట్టేయించింది. "మీ పుస్తకాలు తీయండి. ఏ ఏడైనా సరే. చదవండి" అంది.

పాతవి తీశాను. యార్డు రోజులవి. పెద్ద తుఫాను ఏడాదివి. ఆవిడకు బాగా నచ్చేవి మూడో వరుసలు. "ఆ రోజు దోసావకాయ పెట్టానా? రాశారా? మళ్ళీ చదవండి." వంటలు వింటూ కళ్ళు మూసుకునేది. కొన్ని రోజులకు, "ఇంత పాతవి వద్దు. పోయినేటివి చదవండి" అంది.

చదవక తప్పలేదు. నాలుగో వరుసలో ఆ మాట వచ్చినచోట దాటేసి చదివాను. వినేవాళ్ళకు తెలియదు అనుకున్నాను. దీపావళి రోజు చదువుతున్నాను. "మబ్బు. పక్కింటివాళ్ళకు మిఠాయి ఇచ్చాం. పులిహోర, గారెలు, పెరుగు. ఇద్దరికీ కులాసా."

"కాదే" అంది ఆవిడ.

"ఏవిటి?"

"ఆ రోజు గారె తింటుంటే నాకు పొలమారింది. మీరు నెత్తిన తట్టారు, చేతికి పెరుగు ఉంది, జుట్టంతా అయింది. పండగపూట తలకి మళ్ళీ పోసుకోవాల్సొచ్చిందని తిట్టాను. రాయలేదా?"

నేను పుస్తకం మూయబోయాను.

"మీరు రాయకుండా ఉండరు. ఇటు ఇవ్వండి."

ఇచ్చాను. చదువుకుంది. ఆ పేజీ దగ్గర వేలు పెట్టి ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. గొట్టంలో చుక్కలు పడుతున్నాయి. సీసా సగం అయ్యేదాకా తిప్పుతూనే ఉంది. తరవాత అడిగింది, "ఎన్ని?"

"ముప్పై ఒకటి."

"ఎప్పుడు లెక్కపెట్టారు?"

"ఆస్పత్రిలో ఫారం నింపిన రోజు."

"ముప్పై ఒక్కసార్లు నెత్తిన తట్టి ఊరుకున్నారన్నమాట." పుస్తకం మూసి పక్కన పెట్టింది. "సీసా అయిపోవస్తోంది, చూసుకోండి."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కావలసినవి పక్కింటావిడ చేత చెప్పించింది. "మీ బాబాయిగారిని జావ ఇంకాస్త పలచన చెయ్యమనమ్మా." నేను పక్కనే నిలబడి ఉన్నాను. పక్కింటావిడ ఇద్దరివైపూ చూసి, "ఇదేం పోట్లాట పిన్నిగారూ, చిన్నపిల్లల్లాగా" అని జావ తనే పలచన చేసి వెళ్ళింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడే పిలిచింది. "ఏవండీ, ఇలా కూర్చోండి."

కూర్చున్నాను.

"నాకూ తెలుసు. ముద్ద ఆగుతోందని అప్పుడే తెలుసు. చెబితే మర్నాడే బస్సెక్కిస్తారని భయమేసి చెల్లెలి పేరు చెప్పాను. తగ్గుతుందిలే అనుకున్నాను. అందుకే మెత్తగా వండుకున్నాను." తువ్వాలు సర్దుకుంది. "కానీ నేను దాచిన మనిషిని. మీరు రాసిన మనిషి. రాసేది ఎందుకండీ మరి? ఒక్కసారి వెనక్కి తిప్పి చూడ్డానికి కాదూ?"

పక్కనున్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

"ఆ రెండు పుస్తకాలూ ఈసారి ఆస్పత్రికి పట్టుకురండి. డాక్టరమ్మ కాగితంలో రెండు నెలలని ఉంది. తప్పు లెక్క. దిద్దించండి."

తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పేజీలు తిప్పి చూసింది. పేర్లు చూసి ఏమిటని అడిగితే నా భార్యే చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. "మా అమ్మ కూడా ఇలాగే నెత్తిన కొట్టేది" అని, తన కాగితంలో రెండు నెలలు కొట్టేసి పదకొండు నెలలని రాసింది.

నేను అడిగాను. "ఆ మొదటి తేదీకే వచ్చి ఉంటే?"

"ఏమయ్యేదో నేను చెప్పలేను సార్. ముందుగా వచ్చి ఉంటే మంచిదే, అది కాదనను. ఇంత తేడా ఉండేదని మాత్రం ఎవరూ కొలిచి చెప్పలేరు." ఇంకొకరైతే ఓదార్చేవారు. ఓదార్చనందుకు నాకు డాక్టరమ్మ మీద గౌరవం పెరిగింది. ఇంటికి వస్తూ బస్సులో నా భార్య నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నాకు మాత్రం ఆ కొలవలేనిదే మనసులో తిరుగుతూ ఉండేది. కొలవలేని బరువును మోయడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

గొట్టం తీసేశాక ఏడాది పైన బాగుంది. బాగుంది అంటే రోజుకు ఎనిమిదిసార్లు పిడికెడేసి తినడం, నమిలి నమిలి. మా పెళ్ళప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె పెట్టె అడుగున కొత్తగానే ఉండిపోయింది. దాన్ని తీసి తోమి తన కంచం చేసుకుంది. దానితో రెండు గిన్నెలు ఒక పూట. తీపి తింటే చెమటలు పట్టి గుండె దడదడలాడేది, పది నిమిషాలు కూర్చోవాలి. బరువు మాత్రం పెరగలేదు. నేను సోమవారం సోమవారం ముల్లు చూసి దిగులు పడేవాణ్ణి. ఆవిడ మాత్రం పక్కింటివాళ్ళ అమ్మాయి నిఖాకు ఉగ్గుగిన్నె సంచిలో వేసుకుని వెళ్ళి, వంద మందిలో బల్ల దగ్గర కూర్చుని, బిర్యానీలో ముక్క లేకుండా మెతుకులు నాలుగు ముద్దలు తిని వచ్చింది. ఆ నెల ఫారంలో, నలుగురిలో కూర్చుని తినడానికి ఇబ్బంది పడ్డారా అన్నచోట, తనే కలం తీసుకుని టిక్కు పెట్టింది. అసలు లేదు.

పండుమిరపకాయలు వచ్చిన రోజుల్లో కొరివికారం తొక్కింది. తనకు పనికిరాదు. అయినా రెండు కేజీలు తెప్పించి, తొడిమలు తీసి, చింతపండు, ఉప్పు వేసి నూరి, మూడోనాడు పోపు పెట్టి, పక్కింటికి ఒక జాడీ, వేటపాలేనికి ఒక జాడీ. వేలి కొసతో కొంచెం నాలుక మీద పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నేను కంగారుగా లేచి, నెత్తిన తట్టబోయిన చెయ్యి మధ్యలో ఆపాను.

"పొలమారలేదు లెండి" అంది. "కారం. కారం కారంగా ఉంది. అబ్బ."

మరుసటి ఏడు కల్లాలు మొదలయ్యే ముందు ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఒకరోజు మజ్జిగ తాగుతూ పొలమారింది. నేను తట్టలేదు. ఆవిడ ఎవరి పేరూ చెప్పలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. డైరీలో రాశాను, మర్నాడు ఉదయం బస్సెక్కాం. స్కానింగు చేశారు. గుండెల మధ్య మళ్ళీ వచ్చింది.

మళ్ళీ కీమో ఇవ్వొచ్చు, జబ్బు కొన్నాళ్ళు ఆగొచ్చు, ఆగకపోవచ్చు అంది డాక్టరమ్మ. నా భార్య ఒక్కటే అడిగింది. "ఆ మందు వేసినన్నాళ్ళూ తినగలనా?"

"కష్టమమ్మా. వికారం ఉంటుంది, నోరు పుండ్లు పడొచ్చు."

"వెయ్యకపోతే?"

"లోపల దారి మూసుకోకుండా జల్లిగొట్టం ఒకటి పెడతాం. మెత్తనివి దిగుతాయి. కొన్నాళ్ళు."

"అది పెట్టండి."

నేను అక్కడే, డాక్టరమ్మ ముందే గట్టిగా మాట్లాడాను. పోయినసారి పదకొండు నెలలు పోగొట్టాం, ఇప్పుడు చేజేతులా ఇంకొన్ని వదులుకుంటామా అన్నాను. అలా ఆస్పత్రిలో గొంతు పెంచింది నా జీవితంలో అదొక్కసారే. ఆవిడ అంతా విని, బొంగురు గొంతుతో అంది, "మీకు రోజులు కావాలి. నాకు ముద్దలు కావాలి. తినేది నేను కదండీ."

జల్లిగొట్టం పెట్టారు. నేను వంట నేర్చుకున్నాను. ఆవిడ ఏటవాలు పరుపు మీదనుంచే చెప్పేది, నేను వంటింట్లోంచి అరిచి అడిగేవాణ్ణి. ఆవాలు చిటపటలాడకముందే మినప్పప్పు వేశానని వాసన పట్టి చెప్పేది. మెత్తటి అన్నంలో పప్పుకట్టు, నెయ్యి. చారు. ఒకరోజు గుమ్మడికాయ హల్వా లాంటిదేదో. మూడో వరుసలో ఏం వండానో రాసి, పక్కన ఎన్ని ముద్దలు తిందో రాయడం మొదలుపెట్టాను. తూకం మిషను అటకమీద పెట్టేశాను. తొమ్మిది ముద్దలు. ఏడు. పదకొండు, ఆ రోజు చెల్లెలు వచ్చింది. అయిదు. ఆవిడ ఆ అంకెలు చదివించుకుని, "ఇప్పుడు సరైన కాటా వేశారు" అంది.

చివరి వారాల్లో ఒక మధ్యాహ్నం నేను తింటూండగా నాకే పొలమారింది. తొందరగా తింటాను నేను, ఆవిడ దగ్గరికి వెళ్ళాలని. నీళ్ళు తాగి తేరుకున్నాక చూస్తే ఆవిడ నన్నే చూస్తోంది. మాటలు అప్పటికి బాగా తగ్గాయి. రమ్మని సైగ చేస్తే వెళ్ళి చెవి ఒగ్గాను.

"నేను పోయాక మీకు ఇలా అవుతుంది. డాక్టరుకి చూపించుకోకుండా, నేను తలుచుకున్నానని మాత్రం అనుకోకండి."

"సరే" అన్నాను.

"సరే కాదు. ఒట్టు."

ఒట్టు వేశాను. ఆషాఢంలో, తొలకరి పడి పత్తి గింజలు నాటుతున్న రోజుల్లో ఆవిడ పోయింది. ఆ పేజీలో మూడో వరుస: చారన్నం, రెండు ముద్దలు. నాలుగో వరుస రాయలేదు. నలభై మూడేళ్ళలో ఖాళీగా ఉన్న వరుస అదొక్కటే.

ఇది జరిగి ఏడాదిన్నర. ఏటవాలు పరుపు మీద నేనే పడుకుంటున్నాను. నాకు అవసరం లేదు, వీపు నొప్పి కూడా వస్తుంది, కానీ ఆ పరుపు అక్కడ ఖాళీగా ఉంటే చూడలేను. పక్కింటాయన రెండుసార్లు అడిగాడు, మామూలు పరుపు కుట్టివ్వనా బాబాయిగారూ అని. వద్దన్నాను. అతని భార్య గోడ మీదనుంచి రోజూ అడుగుతుంది, "భోంచేశారా బాబాయిగారూ?" చేశానమ్మా అంటాను. ఇప్పుడు డైరీలో రెండో వరుస చాలా రోజులు ఒకేలా ఉంటోంది. ఎవరూ రాలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. వేటపాలెం చెల్లెలు మొదట్లో వారానికోసారి ఫోను చేసేది. పండగలకు చేస్తోంది. ఆ అమ్మాయి తప్పు కాదు, అక్క లేకుండా నాతో ఏం మాట్లాడుతుంది. ఒక్కడికి వండుకున్న అన్నం ఎంత కొలిచి పోసినా మిగులుతుంది.

పోయిన నెల నాకు పొలమారింది. మజ్జిగన్నం తింటున్నాను, మధ్యాహ్నం. ఊపిరి ఆడలేదు కాసేపు. తేరుకునేసరికి నా కుడిచెయ్యి నా నెత్తినే ఉంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. ఇంట్లో చప్పుడు లేదు. పేరు చెప్పేవాళ్ళు లేరు. రాశాను. వారం తిరక్కుండా ఇంకోసారి. ఇంకో పదిరోజులకు మూడోసారి. ఈసారి వెనక్కి తిప్పి చూశాను. మూడో వరుస కూడా చూశాను, మెత్తటివి వండుకుంటున్నానేమోనని. లేదు, దొండకాయ వేపుడు, మినపరొట్టె కూడా ఉన్నాయి. అయినా మూడు అంటే మూడే. మర్నాడు గుంటూరు బస్సెక్కాను.

డాక్టరమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. డైరీ ఇచ్చాను. ఈసారి నోట్లో గొట్టం వేసింది నాకు. గొంతు మొద్దుబారి, ఉమ్ము మింగుడు పడక, వరండాలో అదే బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడకు ఇది ఎన్నిసార్లు చేశారో అప్పుడు లెక్కపెట్టుకున్నాను.

సాయంత్రానికి డాక్టరమ్మ పిలిచింది. "అంతా శుభ్రంగా ఉంది సార్. ఏమీ లేదు. నిలబడి, గబగబా తింటున్నట్టున్నారు. కూర్చుని తినండి. ఎవరికోసం తొందర?"

ఎవరికోసమూ లేదని చెప్పి లేచాను.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని డైరీ తీశాను. ఎండ. గుంటూరు వెళ్ళి వచ్చాను. వంట లేదు, అరటిపండ్లు. నాలుగో వరుసలో రాశాను: "మూడుసార్లు పొలమారింది. డాక్టరుకు చూపించుకున్నాను. ఏమీ లేదట."

కలం ఎత్తలేదు. పక్కన ఇంకో మాటకు చోటు ఉంది. నలభై ఏళ్ళు అక్కడ మనిషిని రాసే అలవాటు. ఒట్టు తప్పలేదు నేను, ముందు చూపించుకున్నాను. అందుకని రాశాను.

"ఆవిడే."